మధుమేహం ఉన్నవారిలో కంటి ఒత్తిడి: చక్కెర తగ్గితే అదీ తగ్గుతుందా?

ప్రశ్న

మా అమ్మగారికి అరవై రెండేళ్లు. మధుమేహం బయటపడి పద్నాలుగేళ్లు దాటింది. మందులు క్రమం తప్పకుండా వాడుతున్నా, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 8.4 దగ్గరే నిలిచిపోయి దిగిరావడం లేదు. కిందటి వారం కళ్లద్దాలు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు, కంటి మీదికి గాలి ఊదే యంత్రంతో పరీక్షించి, ఒత్తిడి కుడి కంట్లో 25, ఎడమ కంట్లో 23 ఉందని చీటీ మీద రాసిచ్చారు. ఇరవై ఒకటి దాటకూడదనీ, షుగర్ ఎక్కువగా ఉన్నందువల్లే కంటి ఒత్తిడి కూడా పెరిగిందనీ, షుగర్ తగ్గించుకుంటే ఇదీ దానంతటదే దిగుతుందనీ చెప్పి పంపించేశారు.

ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవాలని రాస్తున్నాను. అమ్మకు రక్తపోటు మాత్ర వాడితే 130/80 దగ్గర అదుపులోనే ఉంటోంది. ఒంట్లో పోటు సరిగా ఉన్నప్పుడు కంట్లో మాత్రం ఎందుకు పెరిగినట్టు? కొన్నాళ్లుగా ఒక రోజు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయనీ, మరో రోజు మసకగా ఉంటున్నాయనీ అంటోంది. అది ఒత్తిడి వల్లేనా? నొప్పి, ఎరుపు ఏమీ లేవు కాబట్టి కంగారు పడాల్సిన పని లేదని ఆమె వాదన. మా తాతగారికి, అంటే అమ్మ వాళ్ల నాన్నగారికి, చివరి రోజుల్లో చూపు దాదాపు పూర్తిగా పోయింది. నీటికాసులని ఇంట్లో అనుకునేవారు కానీ కాగితాలేవీ మిగల్లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం (కంటి వైద్యుడు)

మీకు చెప్పిన మాటలో కొంత నిజం ఉంది, కానీ దాన్ని నమ్మి ఊరుకుంటే నష్టం జరగవచ్చు. మధుమేహం ఉన్నవారిలో కంటి ఒత్తిడి సగటున కాస్త ఎక్కువగా ఉంటుందని పెద్ద సంఖ్యలో జనాన్ని పరిశీలించిన అధ్యయనాలు చూపించాయి. అయితే ఆ తేడా చాలా చిన్నది, ఒత్తిడిని కొలిచే లెక్కలో ఒక మిల్లీమీటరు పాదరసం కంటే కూడా చాలా తక్కువ. ఆ లెక్కన చూస్తే, హెచ్‌బీఏ1సీని 8.4 నుంచి 7కు దించినంత మాత్రాన 25 ఉన్న కంటి ఒత్తిడి 18కి దిగివస్తుందని ఆశించడానికి ఆధారం లేదు. చక్కెరను తప్పకుండా తగ్గించాలి. అది రెటీనా (కంటి వెనుక ఉండే, చూపును గ్రహించే పొర) కోసం, మూత్రపిండాల కోసం, పాదాల కోసం. కంటి ఒత్తిడి సంగతి విడిగా తేల్చుకోవాలి.

రక్తపోటు విషయానికి వస్తే, రెండింటినీ మిల్లీమీటర్ల పాదరసంలోనే కొలుస్తారు కాబట్టి ఈ పొరపాటు చాలామందికి కలుగుతుంది. కంటి లోపల, కార్నియాకు, అంటే కంటి ముందున్న పారదర్శక పొరకు, వెనుక, నీటిలాంటి ఒక ద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. నిమిషానికి సుమారు రెండు మైక్రోలీటర్లు, అంటే ఒక చుక్కలో చిన్న భాగం. అది కార్నియా, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) కలిసే మూలలో జల్లెడలాంటి కణజాలం గుండా బయటకు ఇంకి రక్తంలో కలిసిపోతుంది. కంట్లో ఒత్తిడి ఎంత ఉండాలో ప్రధానంగా నిర్ణయించేది ఈ ఊట, ఈ ఇంకుడు. జల్లెడ మందగిస్తే ఒంట్లో పోటు 120/80 ఉన్నా కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఈ ద్రవానికీ కన్నీటికీ సంబంధం లేదు. కళ్ల నుంచి నీరు కారడం ఒత్తిడికి గుర్తు కాదు.

ఇరవై ఒకటి అన్న అంకె గురించి ఒక మాట చెప్పాలి. ఆరోగ్యవంతుల సగటు ఒత్తిడి 15, 16 దగ్గర ఉంటుంది. దానికి గణాంకాల లెక్కలో రెండు మెట్లు కలిపితే వచ్చినది 21. అది దాటగానే జబ్బు మొదలవుతుందనీ, దాని కింద ఉంటే క్షేమమనీ ఎవరూ హామీ ఇవ్వలేరు. 17 ఉన్నవారిలోనూ దృష్టి నాడి దెబ్బతిని నీటికాసులు ముదిరిన సందర్భాలు ఉన్నాయి, 26 ఉండి ఏళ్ల తరబడి నాడి చెక్కుచెదరని వారూ ఉన్నారు. ఒత్తిడి ఎక్కువగా ఉండటం ఒక ప్రమాద సూచన మాత్రమే. దానివల్ల గానీ మరో కారణంతో గానీ దృష్టి నాడి అరిగిపోవడాన్నే నీటికాసులు అంటాం. ఆ అరుగుదల మొదట పక్క చూపును, అదీ ఒక కన్ను లోటును రెండో కన్ను కప్పిపుచ్చే విధంగా తినేస్తుంది కాబట్టి, నొప్పి లేదన్న మీ అమ్మగారి వాదన ఇక్కడ నిలవదు. సాధారణంగా కనిపించే రకంలో నొప్పి ఉండనే ఉండదు.

గాలి ఊదే యంత్రం అనుమానం ఉన్నవారిని ఏరడానికి మంచిదే కానీ తీర్పు చెప్పడానికి చాలదు. గాలి తగలబోతోందని తెలిసి కళ్లు బిగించినా, మెడ బిగుతుగా ఉన్నా అంకె పెరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన హాన్స్ గోల్డ్‌మాన్ 1950లలో రూపొందించిన పద్ధతినే ఇప్పటికీ మేం ప్రామాణికంగా వాడతాం. కంట్లో మొద్దుబార్చే చుక్క, పసుపు రంగు వేసి, నీలి కాంతిలో చిన్న పట్టకాన్ని కార్నియాకు ఆనిస్తే, పరీక్షించే మాకు రెండు ఆకుపచ్చ అర్ధవలయాలు కనిపిస్తాయి. పిడిని నెమ్మదిగా తిప్పుతూ ఆ రెండింటి లోపలి అంచులు సరిగ్గా ఒకదానికొకటి తాకిన క్షణంలో పిడి మీదున్న అంకె చదువుతాం. ఈ పద్ధతికి ఆధారంగా గోల్డ్‌మాన్ కార్నియా మందాన్ని 520 మైక్రాన్లుగా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తీసుకున్నారు. దళసరి కార్నియా ఉంటే యంత్రం అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. మధుమేహులలో కార్నియా కాస్త మందంగా, బిరుసుగా ఉండే ధోరణి ఉంది. అందువల్ల మీ అమ్మగారి 25లో నిజమైన ఒత్తిడి ఎంతో, కార్నియా వాటా ఎంతో కొలిస్తేనే తెలుస్తుంది.

రోజుకో రకంగా ఉండే మసక చూపుకు ఈ ఒత్తిడి కారణం అయ్యే అవకాశం తక్కువ. చక్కెర ఎక్కువ తక్కువలతో పాటు కంటి కటకం నీటిని పీల్చుకోవడం, వదలడం వల్ల అద్దాల పవరే మారిపోతూ ఉంటుంది. అందుకే చక్కెర కొన్ని వారాల పాటు నిలకడగా ఉన్నాకే అద్దాలు రాయించుకోమంటాం. రెటీనా మధ్యభాగంలో వాపు ఉన్నా మసక వస్తుంది, దాన్ని చూడకుండా కటకం మీద నెపం వేయకూడదు. చక్కెర పెరిగితే కంటి ఒత్తిడి పెరుగుతుందని సూటిగా అనుకునేవారికి ఒక విచిత్రం చెబుతాను. చక్కెర విపరీతంగా పెరిగి స్పృహ తప్పిన రోగుల కళ్లు మెత్తగా, ఒత్తిడి పడిపోయి ఉంటాయని పాత వైద్యులు వేలితో తాకి గుర్తించేవారు. చిక్కబడిన రక్తం కంట్లోని నీటిని లాగేసుకోవడమూ, ఒళ్లు ఎండిపోవడమూ దీనికి కారణాలు.

మధుమేహం వల్ల కంటి ఒత్తిడి నిజంగా ప్రమాదకరంగా పెరిగే దారి వేరే ఉంది. రెటీనాలోని సన్న రక్తనాళాలు మూసుకుపోయి ప్రాణవాయువు అందనప్పుడు, అది కొత్త నాళాలు మొలవాలని రసాయన సంకేతాలు పంపుతుంది. ఆ నాళాలు రెటీనాతో ఆగకుండా ఐరిస్ మీదికి, ద్రవం ఇంకే మూలలోకి పాకి, పొరలా అల్లుకుని జల్లెడను మూసేస్తాయి. అప్పుడు ఒత్తిడి 40, 50 దాటవచ్చు. కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి వస్తుంది, చూపు త్వరగా పోతుంది. దీనికి చుక్కలు మాత్రమే సరిపోవు, ఆ రసాయనాన్ని అణచే ఇంజెక్షను, రెటీనాకు విస్తారంగా లేజర్ చేయాల్సి ఉంటుంది, కొందరికి శస్త్రచికిత్స కూడా. కంటి లోపల నిండి ఉండే జిగురు పదార్థంలోకి (విట్రియస్) రక్తస్రావమై చాలాకాలం నిలిచినప్పుడు, పాతబడి రంగు వెలిసిన ఎర్రకణాలు అదే జల్లెడలో ఇరుక్కుని ఒత్తిడి పెంచడం కూడా జరుగుతుంది.

అందువల్ల మీరు అడగాల్సిన పరీక్షలు ఇవి: గోల్డ్‌మాన్ పద్ధతిలో ఒత్తిడి, కార్నియా మందం, కంటిపాప విప్పక ముందే మూలను అద్దంతో చూసే గోనియోస్కోపీ, ఆ తర్వాత కంటిపాప విప్పి దృష్టి నాడి, రెటీనా రెండింటినీ చూడటం, నాడిపోగుల మందానికి ఓసీటీ అనే స్కాన్, పక్క చూపుకు ఫీల్డ్ పరీక్ష. ఒత్తిడి కొలిచినంత మాత్రాన రెటీనా పరీక్ష అయిపోయినట్టు కాదు. పద్నాలుగేళ్ల మధుమేహంలో రెటీనా ఫొటోనో, కంటిపాప విప్పిన పరీక్షో ఏడాదికోసారి జరగకపోతే అదే పెద్ద లోటు. తాతగారి చూపు పోయిన సంగతిని కాగితాలు లేకపోయినా వైద్యునికి తప్పక చెప్పండి.

సమాధానం (మధుమేహం ఉన్న ఒకరు)

డాక్టరుగారు చెప్పినవాటికి నా అనుభవం ఒకటి జోడించాలనిపించింది, ఎందుకంటే నా విషయంలో ఒత్తిడి పెంచింది మధుమేహం కాదు, మధుమేహానికి జరిగిన చికిత్స. రెటీనా మధ్యలో వాపు వస్తే మొదట కొత్త నాళాలను అణచే ఇంజెక్షన్లు ఇచ్చారు. అవి ఇచ్చిన వెంటనే ఒత్తిడి కాసేపు పెరిగి ఆపై దిగిపోతుందని ముందే చెప్పారు, అలాగే జరిగింది. వాపు తగ్గకపోవడంతో తర్వాత స్టెరాయిడ్ గుళిక లోపల పెట్టారు. మొదటి నెల పరీక్షలో 16 ఉంది. చూపు బాగా మెరుగుపడటంతో రెండో నెల పరీక్షకు నేను వెళ్లలేదు, అది పూర్తిగా నా తప్పే. ఇంకో మూడు వారాలకు వెళ్తే 34 ఉంది. ఒక్క లక్షణం కూడా లేదు.

చుక్కలతో కొన్ని నెలల్లో దిగివచ్చింది కానీ, స్టెరాయిడ్ ఇచ్చాక ఒత్తిడి సాధారణంగా రెండో నెల దగ్గర గరిష్ఠానికి చేరుతుందనీ, సరిగ్గా ఆ సమయంలోనే నేను కనిపించకుండా పోయాననీ తర్వాత తెలిసింది. మీ అమ్మగారికి ఎప్పుడైనా కంట్లో ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అది ఏ మందో, ఏ తేదీనో చీటీ మీద రాసి వెంట తీసుకెళ్లండి. ఎలర్జీకి వాడే స్టెరాయిడ్ చుక్కలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. దురద తగ్గిందని ఎవరికి వారు నెలల తరబడి వేసుకునే చుక్కల సీసా పేరు కూడా చెప్పాలి.

సమాధానం (రోగి కుమారుడు)

మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు, నీటికాసులకు రాత్రీ పగలూ టిమోలాల్ చుక్కలు వేసుకునేవారు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లు తాగుదామని లేచి చూస్తే ఆయన దిండు తడిసి ముద్దయి ఉంది. పలకరిస్తే మాట తడబడుతోంది. వేలి మీద సూది గుచ్చి చూస్తే చక్కెర 48. అంత పడిపోయినప్పుడు చేతులు వణుకుతాయని, గుండె దడదడలాడుతుందని మాకు అంతకు ముందు నేర్పించారు. ఆయనకు వణుకూ లేదు, దడా లేదు, ఒట్టి చెమట మాత్రమే. ఇదంతా చుక్కల వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు కానీ, టిమోలాల్ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందుల వర్గానికి చెందినదనీ, కంట్లో వేసింది కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కడి నుంచి నేరుగా రక్తంలోకి చేరుతుందనీ, చక్కెర పడిపోయినప్పుడు వచ్చే వణుకును, గుండె దడను అది కప్పిపుచ్చగలదనీ, చెమటను మాత్రం ఆపదనీ డాక్టరుగారు వివరించారు. షుగర్ డాక్టరుగారికి కంటి చుక్కల పేరు, కంటి డాక్టరుగారికి ఇన్సులిన్ మోతాదు మేము ఎన్నడూ చెప్పలేదు. చుక్కే కదా, మందుల జాబితాలో రాయడం దేనికనుకున్నాం. ఉబ్బసం ఉన్నవారికి ఈ రకం చుక్కలు ఇంకా ప్రమాదమట.

తర్వాత చుక్క మార్చారు, రాత్రికి ఒక్కసారి వేసే లటానోప్రోస్ట్ ఇచ్చారు. ఏ చుక్క వేసినా కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో రెండు నిమిషాలు మెత్తగా నొక్కి ఉంచితే మందు ఒంట్లోకి పోవడం తగ్గుతుందని నేర్పారు. మా నాన్నగారు నూట ఇరవై దాకా అంకెలు లెక్కపెడతారు. రెండు చుక్కలు వాడేవారైతే రెండింటి మధ్య కనీసం అయిదు నిమిషాల వ్యవధి ఉండాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలన్నీ చేయించాను. గోల్డ్‌మాన్ పద్ధతిలో కుడి కంట్లో 22, ఎడమ కంట్లో 20 వచ్చాయి. కార్నియా మందం 588, 584 మైక్రాన్లు. మూల తెరిచే ఉందట, ఐరిస్ మీద కొత్త నాళాలు లేవు. ఓసీటీలో నాడిపోగులు వయసుకు తగినట్టే ఉన్నాయన్నారు. ఫీల్డ్ పరీక్షలో అమ్మ మధ్యలో కళ్లు పక్కకు తిప్పేయడం వల్ల ఫలితం నమ్మదగినది కాదని, మళ్లీ చేయాలని చెప్పారు. రెటీనాలో మాత్రం మధ్యస్థాయి మార్పులు ఉన్నాయనీ, వాపు ఇంకా రాలేదనీ రాశారు. ఇప్పుడు చుక్కలు వద్దన్నారు, ఆరు నెలలకు రమ్మన్నారు. కంట్లో ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ చుక్కలు ఇంతవరకు వాడలేదు. అమ్మ "అంటే ఏమీ లేదన్నమాట" అని సంబరపడిపోతోంది. నాకు మాత్రం తాతగారు గుర్తొస్తున్నారు. ముందుజాగ్రత్తగా చుక్కలు వేయించుకోవడం మంచిది కాదా? అంత మందం కార్నియాకు 22 నుంచి ఎంత తీసేయాలి?

సమాధానం (కంటి వైద్యుడు)

ఎంత తీసేయాలన్నదానికి మేమంతా నమ్మి వాడగలిగే సూత్రం లేదు. రకరకాల పట్టికలు ఉన్నాయి కానీ ఒకదానితో మరొకటి పొసగవు. 588 మైక్రాన్లు దళసరి వైపే కాబట్టి అసలు ఒత్తిడి 22 కన్నా తక్కువే ఉండవచ్చని అర్థం చేసుకుంటే చాలు. ఇకముందు వీలైనంతవరకు అదే పద్ధతితో, రోజులో దాదాపు అదే వేళకు కొలిపించండి, ఎందుకంటే ఒకే కంట్లో ఒకే రోజున మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల వరకు హెచ్చుతగ్గులు మామూలే.

ముందుజాగ్రత్త చుక్కల గురించి 2002లో ఫలితాలు వెలువడిన ఆక్యులర్ హైపర్‌టెన్షన్ ట్రీట్‌మెంట్ స్టడీ మాకు ఒక అంచనా ఇచ్చింది. నాడి బాగానే ఉండి, ఒక కంట్లో 24 నుంచి 32 దాకా, రెండో కంట్లో 21 నుంచి 32 దాకా ఒత్తిడి ఉన్న 1,636 మందిని రెండుగా విభజించి, సగం మందికి ఒత్తిడి అయిదో వంతు తగ్గేలా చుక్కలు ఇచ్చారు, మిగిలినవారిని కేవలం గమనించారు. అయిదేళ్లలో నీటికాసులు వచ్చినవారు చుక్కలు వాడిన వర్గంలో 4.4 శాతం, వాడని వర్గంలో 9.5 శాతం. చుక్కలు పనిచేస్తాయి. అదే సమయంలో, చుక్కలు వాడనివారిలోనూ పదిమందిలో తొమ్మిదిమందికి ఆ అయిదేళ్లలో జబ్బు రాలేదు. పలుచని కార్నియా ఉన్నవారికి ప్రమాదం ఎక్కువని కూడా ఆ అధ్యయనమే బయటపెట్టింది, మీ అమ్మగారు ఆ విషయంలో అదృష్టవంతులు. కుటుంబంలో జబ్బు ఉండటం ఆమెకు వ్యతిరేకంగా ఉన్న అంశం. అన్నీ కలిపి చూస్తే, మీ వైద్యుడు ఆగిచూద్దామనడం నాకు సబబుగానే కనిపిస్తోంది.

ఆ అధ్యయనంలో మొదట ఒక వింత ఫలితం కూడా వచ్చింది. మధుమేహం ఉన్నవారికి నీటికాసులు తక్కువగా వస్తున్నట్టు లెక్కల్లో తేలింది. రెటీనా దెబ్బతిన్న మధుమేహులను అధ్యయనంలోకి చేర్చుకోలేదనీ, మధుమేహం ఉందా లేదా అన్నది రోగులు చెప్పిన మాట మీదే ఆధారపడిందనీ తర్వాత గుర్తించారు. మధుమేహం నీటికాసుల నుంచి కాపాడుతుందని ఎవరైనా ఎక్కడైనా చదివి చెబితే దాని మూలం ఇది.

మీ అమ్మగారి సంబరం గురించి: ఒత్తిడి విషయంలో కొంత సంబరపడవచ్చు, రెటీనా విషయంలో కాదు. ఈ దశలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది 22 కాదు, రెటీనాలో కనిపించిన ఆ మధ్యస్థాయి మార్పులు, వాటి వెనక ఉన్న 8.4. కొత్త నాళాలు మొలిచే స్థితికి దారి తీసేవి అవే. ఆరు నెలలకు వెళ్లినప్పుడు ఒత్తిడితో సరిపెట్టుకోకుండా కంటిపాప విప్పించి చూపించండి. ఈలోగా కళ్ల ముందు నల్లని దారాలు, మసి చుక్కలు హఠాత్తుగా తేలినా, కన్ను ఎర్రబడి నొప్పితో పాటు దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపించినా గడువు దాకా ఆగవద్దు. అలాంటప్పుడు వేరే వైద్యుని దగ్గరకు వెళ్లాల్సి వస్తే మధుమేహం సంగతి, మూత్రపిండాల రిపోర్టు ముందే చెప్పండి. ఒత్తిడిని త్వరగా దించడానికి తాగించే గ్లిసరాల్ ఒంట్లో చక్కెరగా మారుతుంది, ఎసిటజోలమైడ్ మాత్రలు మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరావు.

ఫీల్డ్ పరీక్ష మొదటిసారి చాలామందికి చెడిపోతుంది, రెండోసారికి అలవాటవుతుంది. ముందురోజు ఆమెకు బాగా నిద్ర పట్టేలా చూడండి. వెలుగు ఎక్కడ మెరిసినా కళ్లు అటు తిప్పకూడదనీ, మధ్య చుక్కనే చూస్తూ మీట నొక్కాలనీ, సందేహం వచ్చిన ప్రతి వెలుగుకూ నొక్కనక్కర్లేదనీ ముందే చెప్పండి. చెడిపోయిన ఆ మొదటి కాగితాన్ని కూడా పారేయకండి. అమ్మగారి తోబుట్టువులు ఉంటే వాళ్లను కూడా ఒకసారి నాడి పరీక్ష చేయించుకోమనండి.

ప్రశ్న అడిగినవారు

మామయ్యకు ఇవాళే ఫోన్ చేశాను. తనకు షుగర్ లేదు కాబట్టి ఈ పరీక్షలతో పని లేదన్నారు. పైన మీరు ఒత్తిడికీ షుగర్‌కూ ఉన్న సంబంధం గురించి రాసిన భాగం చదివి వినిపించాను. వచ్చే నెల అమ్మతో పాటు ఆయన కూడా వస్తానన్నారు, ఫీల్డ్ పరీక్ష ఆమెకు మళ్లీ చేసేది అప్పుడే.